పోరు నష్టం, పొందు లాభం – కానీ ఎలాంటి పొందు?

(పక్కపక్క ఊళ్ల మధ్య, కులాల మధ్య జరిగే ఒప్పందాలపై ఒక పరిశీలన)

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (రాజనీతిశాస్త్రం), శంకరంపేట



"పోరు నష్టం, పొందు లాభం" అనే సామెత మనందరికీ తెలుసు. ఊళ్లో గొడవ జరిగి పంచాయితి పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి ఈ మాట అంటాడు. మాట నిజమే. అయితే పొందు ఎవరికి లాభం, ఎంతకాలం లాభం అన్నది కూడా అడగాలి. మనలో చాలామందిమి మన ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లం. రేపు మన వాడలో ఏదైనా గొడవ జరిగి రాజీ కాయితం రాస్తే, దాన్ని చదివి అమ్మానాయనలకు అర్థం చెప్పవలసింది మనమే. అందుకే ఈ విషయాన్ని ఒక పాఠంలాగా రాస్తున్నాను. పోటీ పరీక్షలకు కూడా కొంత పనికివస్తుంది.

1. రాజీ, ఒప్పందం, న్యాయం – ఇవి మూడూ ఒకటేనా?

వాడుకలో మూడింటినీ కలిపి మాట్లాడతాం కానీ వీటికి తేడా ఉంది. రాజీ అంటే జరుగుతున్న గొడవను ఆపడం. ఒప్పందం అంటే రేపటి నుంచి ఎవరు ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసుకోవడం. న్యాయం అంటే జరిగిన తప్పుకు బాధ్యులెవరో తేల్చి, నష్టపోయినవారికి దక్కవలసింది దక్కేలా చూడడం. మంచి ఒప్పందంలో ఈ మూడూ కొంతకొంత ఉంటాయి. చెడ్డ ఒప్పందంలో మొదటిది ఒక్కటే ఉంటుంది.

మన ఊళ్లల్లో ఆడే రాయబారం నాటకాన్నే తీసుకోండి. పాండవుల తరఫున శ్రీకృష్ణుడు ఐదూళ్లిచ్చినా చాలంటాడు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు. అక్కడ సంధి ఎందుకు కుదరలేదు? తానే గెలుస్తానని ఒక పక్షం గట్టిగా నమ్మింది కాబట్టి. రెండు పక్షాలూ "ఇంకా కొట్లాడితే మనకే నష్టం" అనుకున్నప్పుడే నిజమైన ఒప్పందం పుడుతుంది. బలవంతుడికి ఏ నష్టమూ కనబడకపోతే అతడు బలహీనుడి చేత సంతకం పెట్టించుకుంటాడు తప్ప తాను దేనికీ కట్టుబడడు.

2. వజీర్ మహిళలు – ఆఫ్రికా నుంచి ఒక మంచి ఉదాహరణ

కెన్యా దేశపు ఈశాన్య భాగంలో వజీర్ అనే కౌంటీ ఉంది. అది కరువు ప్రాంతం. పశువులు, ఒంటెలు మేపుకొని బతికే సోమాలీ తెగలు అక్కడ పక్కపక్కన ఉంటాయి. 1992 ప్రాంతంలో కరువు వచ్చి నీళ్ల కోసం, మేత కోసం తెగల మధ్య పెద్ద కొట్లాటలు జరిగి మనుషులు చనిపోయారు. ఒక తెగ ఆడవాళ్లు ఇంకో తెగ ఆడవాళ్ల దగ్గర సరుకు కొనని పరిస్థితి వచ్చింది.

అప్పుడు దేకా ఇబ్రహీం అబ్దీ అనే యువతి, మరికొందరు మహిళలు కలిసి పని మొదలుపెట్టారు. వాళ్లు ముందుగా వెళ్లింది అంగడికి. ఏ తెగ మహిళ అయినా భయం లేకుండా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు అని తీర్మానం చేసుకుని, అది అమలవుతుందో లేదో రోజూ వాళ్లే చూసుకున్నారు. అంగడి నిలబడ్డాక తెగ పెద్దలను కూర్చోబెట్టారు. పెద్ద తెగల వాళ్లు ఒకరి మాట ఒకరు వినరు కాబట్టి, అందరికంటే చిన్న తెగకు చెందిన పెద్దను ముందుంచి మాట్లాడించారు. చివరకు 1993 సెప్టెంబరులో "అల్ ఫతా ప్రకటన" అనే ఒప్పందం కుదిరింది. తర్వాత కూడా వాళ్లు ఇంటికి పోయి పడుకోలేదు. పెద్దలు, మహిళలు, యువకులు, అధికారులు ఉన్న బృందాన్ని తయారు చేసుకుని, ఎక్కడ చిన్న గొడవ మొదలైనా వెంటనే అక్కడికి వెళ్లేవారు. దేకాకు 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2011లో రోడ్డు ప్రమాదం తర్వాత ఆమె చనిపోయారు.

ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు. ఒకటి, రోజూ అందరికీ అవసరమైన చోట, అంటే అంగడి దగ్గర, నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి. రెండు, మధ్యలో కూర్చునేవాడికి ఏ పక్షంతోనూ లాభం ఉండకూడదు. మూడు, సంతకాల తర్వాతే అసలు పని మొదలవుతుంది.

అదే ప్రాంతంలో 2001లో మొదగాషే ప్రకటన అనే ఇంకో ఒప్పందం జరిగింది. అందులో మగవాడిని చంపితే 100 పశువులు, ఆడమనిషిని చంపితే 50 పశువులు పరిహారంగా ఇవ్వాలని రాసుకున్నారు. కొట్లాటలు తగ్గించడానికి ఇది ఉపయోగపడి ఉండవచ్చు. కానీ ఆడమనిషి ప్రాణం విలువ సగమేనా? స్థానిక ఒప్పందాలు శాంతిని తేవచ్చు గానీ, ఊళ్లో ముందే ఉన్న అసమానతను కూడా కాయితం మీద పక్కా చేస్తాయని ఇది చూపిస్తుంది.

3. పూనా ఒడంబడిక – 1932

మన దేశంలో రెండు సమాజాల మధ్య జరిగిన ఒప్పందాల్లో ముఖ్యమైనది 1932 సెప్టెంబరు 24న జరిగిన పూనా ఒడంబడిక. అంటరానివారిగా చూడబడుతున్న వర్గాలకు బ్రిటిష్ ప్రభుత్వం ఆగస్టులో ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. దీన్ని వ్యతిరేకిస్తూ గాంధీజీ ఎరవాడ జైలులో సెప్టెంబరు 20న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. చివరకు డాక్టర్ అంబేద్కర్ ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకున్నారు. దానికి బదులు రాష్ట్రాల శాసనసభల్లో రిజర్వుడు సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి.

దీని చివరి అంశం హాస్టల్ విద్యార్థులు గుర్తుపెట్టుకోదగినది. ప్రతి రాష్ట్రంలో విద్యకు కేటాయించే డబ్బులోంచి ఈ వర్గాల చదువు కోసం తగినంత మొత్తం విడిగా పెట్టాలని అందులో రాశారు. మన సంక్షేమ హాస్టళ్లు నేరుగా అందులోంచే పుట్టాయని నేను అనడం లేదు. కానీ మన చదువు కోసం డబ్బు విడిగా ఉంచాలన్న మాట ఒక ఒప్పందంలో, రాతపూర్వకంగా, 1932లోనే ఉంది.

మరో వైపు కూడా చూడాలి. ఒక మహానాయకుడి ప్రాణం పోతుందన్న ఒత్తిడి మధ్య ఆ సంతకం జరిగింది. తర్వాతి కాలంలో అంబేద్కర్ ఈ ఒడంబడికను గట్టిగా విమర్శించారు. కాబట్టి "సంతకం పెట్టారా?" అని మాత్రమే కాక, "ఏ పరిస్థితిలో పెట్టారు?" అని కూడా అడగాలి.

4. పెద్దమనుషుల ఒప్పందం – 1956

తెలంగాణ వాళ్లకు ఒప్పందం అనగానే గుర్తొచ్చేది ఇదే. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతాన్ని ఆంధ్ర రాష్ట్రంతో కలపడానికి ముందు, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు కూర్చున్నారు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు, ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు.

అందులోని ముఖ్య విషయాలు: తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయాలి. ఉద్యోగాలకు, విద్యాసౌకర్యాలకు 12 సంవత్సరాల నివాస నిబంధన ఉండాలి. ప్రాంతీయ మండలి ఏర్పాటు కావాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవి లేదు. అది ఆరోవేలు వంటిదని నాటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి అన్నట్లు చెబుతారు. ప్రాంతీయ మండలికి బదులు ప్రాంతీయ సంఘం వచ్చింది. 1969లో విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. ఆ ఉద్యమంలో 369 మంది చనిపోయారని ఉద్యమకారులు చెబుతారు. తర్వాత 1969లో అష్టసూత్ర పథకం, 1973లో ఆరుసూత్రాల పథకం, 1985లో 610 జీ.వో. వచ్చాయి. ఒక ఒప్పందం అమలు కానందువల్ల దాన్ని సరిదిద్దడానికి ఇంకో ఒప్పందం, అదీ అమలు కాకపోతే మరొకటి. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది.

ఈ ఒప్పందంలో లోపం ఎక్కడుంది? అంశాలు బాగానే ఉన్నాయి. కానీ ఎవరైనా మాట తప్పితే ఎవరికి చెప్పుకోవాలి, తప్పినవారికి ఏం జరుగుతుంది అన్నది గట్టిగా లేదు. అమలు చేయవలసినవారే తప్పినప్పుడు వారి చేత మాట నిలబెట్టించే గట్టి ఏర్పాటు లేదు. మన ఊరి పంచాయితీల్లో రెండు పక్షాల దగ్గరా ముందే డిపాజిట్ పెట్టించుకునేది ఇందుకే. మాట తప్పితే ఆ డబ్బు పోతుంది. చదువురాని పెద్దలకు తెలిసిన ఈ చిన్న విషయం ఢిల్లీలో రాసిన కాయితంలో లేకపోయింది.

5. కారంచేడు, చుండూరు – రాజీ సరిపోని చోట

ఇప్పటిదాకా చెప్పినవి రెండు పక్షాలు కూర్చుని మాట్లాడుకోగలిగిన సందర్భాలు. అన్ని సందర్భాలూ అలాంటివి కావు.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువును మురికి చేయవద్దన్న మాట దగ్గర మొదలైన గొడవ అది. ప్రశ్నించినది ఒక దళిత మహిళ. బతికినవాళ్లు చీరాలకు వెళ్లి శిబిరం వేసుకున్నారు. ఊరికి తిరిగి రమ్మంటే పోలేదు. అక్కడే ఇళ్లు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. అదే విజయనగర కాలనీ. ఈ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. కేసు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టులో ముగిసింది. ఒకరికి యావజ్జీవ శిక్ష, 29 మందికి మూడేళ్ల శిక్ష పడింది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకుముందు సినిమా హాలులో గొడవ, దాని తర్వాత దళితులకు పనులు ఇవ్వకుండా సాంఘిక బహిష్కరణ జరిగాయి. బాధితులు ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని అడిగారు, సాధించారు. ఆ కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నింటినీ కొట్టివేసింది.

కోర్టుకు పోయినంత మాత్రాన న్యాయం దొరుకుతుందని ఈ కేసులు చెప్పడం లేదు. 23 ఏళ్లు పట్టిన కేసు ఒకటి, నిలవని శిక్షలు ఇంకొకటి. అయినా ఆ కుటుంబాలు ఒక విషయం మన ముందుంచాయి. ప్రాణాలు తీసిన తర్వాత "కలిసి ఉందాం" అనే మాట ఒక్కటే సరిపోదు. చంపినవారికి, చచ్చినవారికి మధ్య సమానంగా పంచడానికి తప్పులు ఉండవు.

6. చట్టం ఏం చెబుతోంది?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. ఈ సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేయడం, చేస్తామని బెదిరించడం కూడా స్పష్టంగా నేరం. బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కులను కూడా ఇందులో చేర్చారు.

ఈ చట్టం కింది నేరాలు ఊళ్లో కూర్చుని మాఫీ చేసుకునేవి కావు. 2021లో రామావతార్ కేసులో సుప్రీంకోర్టు, గొడవ ప్రధానంగా వ్యక్తిగతమైనదైతే పై కోర్టులు రాజీని పరిశీలించి కేసు కొట్టివేయవచ్చునంది. అయితే బాధితుడి మీద ఒత్తిడి లేదని కోర్టు చూసుకోవాలి. అంటే అది కోర్టు పని, గ్రామపెద్దల పని కాదు. అలాగే చట్టం ప్రకారం వచ్చే సహాయం, 2016 నిబంధనల్లో నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల వరకు పెట్టినది, బాధితుల హక్కు. అది రాజీ ధర కాదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలన్నది కూడా నిబంధనే.

మరి హద్దు గట్టు గొడవ, బోరు నీళ్ల గొడవ, డబ్బుల లెక్క వంటివి? వీటికి లోక్ అదాలత్ మంచి మార్గం. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది. ఫోన్ నంబరు 15100. దీన్ని మీ వాడలో నలుగురికి చెప్పండి.

7. మన జిల్లా సంగతి

మన పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు కూడా పీరు ఎత్తుతారు, బోనాలకు ముస్లిం ఇరుగుపొరుగు కూడా వచ్చి చూస్తారు. ఎవరూ రాయని ఒప్పందం ఇది. అలాంటి జిల్లాలోనే 2024 జూన్‌లో బక్రీదుకు ముందు మెదక్ పట్టణంలో గొడవ జరిగి 144 సెక్షన్ పెట్టవలసి వచ్చింది. రాయని ఒప్పందం తనంతట తాను నిలవదని, దాన్ని చూసుకునే మనుషులు ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

పండుగల ముందు పోలీసులు శాంతి కమిటీ మీటింగులు పెడతారు. గొడవలు చేస్తారన్న అనుమానం ఉన్నవారిని బైండోవర్ చేస్తారు. (ఇది పూర్వం సి.ఆర్.పి.సి. 107 సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 126వ సెక్షన్.) ఇవి అవసరమే. కానీ ఎప్పుడూ అవే నలుగురు నాయకులు వచ్చి చాయ్ తాగి, ఫొటో దిగి పోతే లాభం లేదు. నిజంగా బండ్ల మీద తిరిగే కుర్రవాళ్లు, దుకాణం మూసుకోవలసి వచ్చే చిన్న వ్యాపారులు, ఆడవాళ్లు ఆ మీటింగులో ఉండాలి. వజీర్‌లో అంగడి మహిళలు చేసిన పని ఇదే.

8. శ్మశానం దారి కాయితం

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా వాడకూ, పక్కనున్న పొలాల వాళ్లకూ శ్మశానం దారి దగ్గర గొడవ అయింది. దెబ్బలాట దాకా పోలేదు గానీ రెండు నెలలు మాటలు లేవు, కూలి పనులు లేవు. చివరకు పెద్దమనుషులు స్టాంపు కాయితం మీద రాజీ రాశారు. మా నాయనకు సంతకం రాదు. వేలిముద్ర వేసేముందు నన్ను చదవమన్నాడు. అందరికీ వినబడేలా చదివాను. "ఇకముందు గొడవ పడము, వాడవారు పెద్దల మాట జవదాటరు, తప్పినవారు 10 వేల దండుగ కడతారు" అని ఉంది.

పక్కన నిలబడి విన్న మా అమ్మ, "మరి దారి ముచ్చట యాడుంది?" అని అడిగింది.

నిజమే. గొడవ దేని గురించి జరిగిందో ఆ మాటే కాయితంలో లేదు. కాసేపు గుసగుసలయ్యాయి. చివరకు అవతలి పక్షంలోని ఒక ముసలాయనే, "ఆమె అడిగింది ధర్మమే, రాయుండ్రి" అన్నాడు. దారి వెడల్పు ఎన్ని అడుగులు, ఏ చెట్టు నుంచి ఏ బండ వరకు అన్నది రాశారు. దండుగ రెండు పక్షాలకూ అన్నారు. ఆ దారి ఇప్పటికీ ఉంది.

చదవడం నాకు వచ్చు. కానీ లేనిదాన్ని పట్టుకున్నది బడికి పోని మా అమ్మ. కాబట్టి కాయితాన్ని మనసులో చదువుకోకుండా, అందరిలో పైకి చదవాలి.

9. కాయితం చదివేటప్పుడు చూడవలసినవి

1) గొడవకు అసలు కారణం (నీళ్లు, దారి, భూమి, కూలి, గౌరవం) పేరు పెట్టి రాశారా?
2) కొలతలు, తేదీలు, మొత్తాలు ఉన్నాయా? "సామరస్యంగా ఉంటాము" అన్న మాట ఒక్కటే చాలదు.
3) రెండు పక్షాల మీదా సమానంగా బాధ్యత ఉందా?
4) తప్పితే ఎవరు చూస్తారు? ఆ మనిషికి ఏ పక్షంతోనైనా లాభముందా?
5) మాట్లాడినప్పుడు ఆడవాళ్లు, యువకులు ఉన్నారా?
6) భయంతోనో, ఆకలితోనో, పని పోతుందనో సంతకం పెడుతున్నారా?
7) జరిగింది నేరమా, తగాదానా? నేరమైతే ఆ కాయితం పంచాయితిలో రాయవలసింది కాదు. ముందు పోలీస్ స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్. కావాలి.
8) ఒక కాపీ మన దగ్గర ఉందా?

ముగింపు

శాంతి కావాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేది పేదవాడే. నాలుగు రోజులు ఊరు మూతపడితే భూమి ఉన్నవాడికి నష్టం, కూలివాడికి పస్తు. అందుకే మనం రాజీకి వ్యతిరేకులం కాదు. మన పేరు లేని, మన మాట లేని రాజీని మాత్రమే ప్రశ్నిస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! హాస్టల్‌లో నీళ్ల బకెట్ల దగ్గర, టీవీ దగ్గర, క్రికెట్ దగ్గర మీకు రోజూ తగాదాలు వస్తూనే ఉంటాయి. వార్డెన్ సార్ దాకా పోకముందే రెండు గదుల వాళ్లు కూర్చుని, పై ఎనిమిది ప్రశ్నలు వేసుకుని, నాలుగు లైన్లు రాసుకుని గోడకు అంటించి చూడండి. నెల తర్వాత మళ్లీ కూర్చుని ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని లెక్క చూసుకోండి. ఈ అలవాటు ఇక్కడే అయితే, రేపు మీ ఊళ్లో కాయితం మీ చేతికి వచ్చిన రోజున ఏం అడగాలో మీకు తెలిసే ఉంటుంది.